దయ్యాల చాటున దొంగసరుకు

గట్టుకు ఈవల ఒక ధర, ఆవల మరొక ధర ఉంటే సరుకు రాత్రిపూట నడుస్తుంది. సరిహద్దు ఊళ్లవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. దీన్నే కథగా మలిచిన ఒక పాత ఇంగ్లీషు సినిమా ఉంది. పేరు ‘కెప్టెన్ క్లెగ్’. 1962లో హామర్ సంస్థ నిర్మించగా, పీటర్ గ్రాహమ్ స్కాట్ దర్శకత్వం వహించారు. రసెల్ థార్న్‌డైక్ 1915లో రాసిన ‘డాక్టర్ సిన్’ నవల దీనికి ఆధారం.

కథాకాలం 1792. ఇంగ్లండు ఆగ్నేయ తీరాన రోమ్నీ మార్ష్ అనే చిత్తడి నేల ఉంది. అక్కడి డిమ్‌చర్చ్ గ్రామంలో రాత్రివేళ అస్థిపంజరాలు గుర్రాలెక్కి తిరుగుతాయని జనం హడలిపోతుంటారు. నిజానికి అవి ఊరి మనుషులే. మెరిసే ఎముకలు చిత్రించిన దుస్తులు తొడుక్కుని, ఫ్రాన్సు నుంచి సుంకం కట్టకుండా వచ్చిన మద్యాన్ని చేరవేస్తుంటారు. శవపేటికలు చేసే వడ్రంగి వారిలో ఒకడు. చేలో దిష్టిబొమ్మే వారి కాపలా. అందరికీ నాయకుడు సాధువులా కనిపించే చర్చి పాదిరి. ఉరితీసి పాతిపెట్టారని లోకం నమ్మిన ఓడదొంగ క్లెగ్ ఆయనే! ఆ పాత్రను పీటర్ కుషింగ్ పోషించారు.

దయ్యాలు కల్పితమే కాని దొంగరవాణా కల్పితం కాదు. ఆ తీరంలో మొదట ఉన్ని దొంగచాటుగా బయటికి పోయేది. తరువాత తేయాకు, మద్యం లోపలికి వచ్చేవి. తేయాకు మీద సుంకం 119 శాతం దాకా పెరిగింది. సైనికులను దింపినా ఆగని తేయాకు దొంగరవాణా, 1784లో పార్లమెంటు సుంకాన్ని 12.5 శాతానికి తగ్గించగానే చాలావరకు కూలిపోయింది. మద్యం మీద సుంకం మాత్రం బరువుగానే ఉండిపోయింది.

మన దగ్గరా 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు పొరుగు ప్రాంతాల నుంచి సీసాలు చాటుమాటుగా దాటాయి. 1997లో నిషేధం సడలించారు. నిషేధం వేరు, సుంకం వేరు. దారి మాత్రం ఒకటే.

సినిమాలో పాదిరి ఆ సొమ్ముతో పేదలను ఆదుకుంటాడు. అందుకే ఊరు నోరు విప్పదు. అయితే సినిమా మొదట్లోనే, గుట్టు బయటపెట్టిన ఒక ముసలివాడిని ఆ అస్థిపంజరాలు చిత్తడిలోకి తరుముతాయి. అతడు అక్కడే చనిపోతాడు. అతడూ పేదవాడే. అన్నం పెట్టే చెయ్యే అతణ్ణి చంపింది. చివరికి క్లెగ్ కూడా, ఒకనాడు తాను నాలుక కోయించిన నావికుడి చేతిలోనే చనిపోతాడు.

హామర్ వారి నుంచి డ్రాకులాను ఆశించినవారికి ఇందులో నిజమైన దయ్యం దొరకలేదు. అమెరికాలో ‘నైట్ క్రియేచర్స్’ అని పేరు మార్చి విడుదల చేశారు. భయానక చిత్రాల అభిమానులకు భయం చాలక, సాహస చిత్రాల ప్రేక్షకుల కంట పడక ఇది మరుగున పడింది. చూడదగిన చిత్రమే. దొంగసరుకు చౌకగా వస్తుంది. దాన్ని కాచే భయానికి మూల్యం మాత్రం ఎవరో ఒక బీదవాడు చెల్లిస్తాడు.