పరీక్ష పేపర్లో ఏ తెలుగు రాయాలి?

ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తాం. వాడుక భాషా ఉద్యమ పితామహుడు అంటాం, చప్పట్లు కొడతాం, అయిపోతుంది. ఆ పోరాటంలో పెద్ద గొడవ మనలాంటి పిల్లల పరీక్ష పేపర్ మీదే నడిచిందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

పంతులు గారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. అంటే ఇప్పటి మన ఒడిశాలోనే. చెప్పిన పాఠం చరిత్ర. ముఖలింగం గుడి శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద పని అనిపిస్తుంది.

తెలుగు సంగతి తర్వాత వచ్చింది. యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు దొర, మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకని అడిగాడట. అప్పట్లో ఇంట్లో "వస్తున్నాడు" అనే పిల్లాడు బళ్ళో "వచ్చుచున్నాడు" అని రాయాలి. రామమూర్తి గారు, గురజాడ అప్పారావు గారు ఇది మార్చాలన్నారు. 1912–13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలోనూ రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పండితులు గట్టిగా అడ్డుపడ్డారు. 1914లో గురజాడ వారు తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చినా, ఆ ఉత్తర్వు నిలవలేదు. రామమూర్తి గారు ఊరుకుంటారా! 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి వాదన సాగించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940లో కన్నుమూశారు.

ఇక నా రాత సంగతి. ఆరో తరగతిలో గోడపత్రికకి రాసేటప్పుడు అందరం గైడులో ఉన్నట్టే రాసేవాళ్ళం: "మన దేశము నందు", "కలదు", "గలవు". ఎనిమిదిలో నా వ్యాసం ఈ పత్రికలో అచ్చయ్యింది, అందులో "కలదు" ఒక్కటీ లేదు. ఇప్పుడు ఫోన్లో తెలుగు టైపు చేస్తున్నాను. మొదట్లో ఒత్తులు కుదరక ఒక్క పేరాకి గంట పట్టేది.

ఫోన్లో మా పెద్దమ్మ కొడుక్కి "ఏటి సేత్తన్నావు" అని రాస్తాను. అదే వ్యాసంలో రాస్తే ఎర్ర సిరా పడుతుంది. అంటే "వచ్చుచున్నాడు" పోయింది గానీ, మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు ఇంకా బయటే నిలబడి ఉంది. వ్యాసమంతా అలా రాయమని నేను అనను, పక్క జిల్లా వాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. కానీ మా అమ్మమ్మ చెప్పిన కబుర్లు రాస్తే అవి ఆవిడ మాటల్లోనే ఉండాలి. "ఎల్లిపోనాడు" అంటే "ఎల్లిపోనాడు" అనే. వచ్చే సంచిక నుంచి మన పత్రికలో అలాంటి కబుర్లకి రెండు పేజీలు ఇమ్మని సంపాదక వర్గం టీచర్లని అడుగుతున్నాను. మొదటిది నా దగ్గర రాసి సిద్ధంగా ఉంది.