సాయంత్రానికి ఇంటికి

డే కేర్ సర్జరీ: పొద్దున చేర్చుకుని, ఆపరేషన్ చేసి, సాయంత్రం పంపించేస్తారు. పిల్లల్లో హెర్నియా, హైడ్రోసీల్, సున్తీ ఇలాగే జరుగుతున్నాయి. పిల్లవాడు రాత్రికి సొంత మంచం మీద పడుకోవడం మంచిదే. కానీ అప్పటిదాకా నర్సు చూసుకున్న నొప్పిని అక్కణ్ణుంచి అమ్మానాన్నలే చూసుకోవాలి. ఆ మాట వాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

భయం: “ఏమీ చెయ్యరు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది” అని తీసుకెళ్తాం. తీరా ముఖం మీద మాస్క్ పెట్టేసరికి మన మాట మీద నమ్మకం పోతుంది. టాన్సిల్స్ తీయించుకున్న 5–12 ఏళ్ల పిల్లల మీద జీవ్ కేన్ బృందం చేసిన పరిశీలన 2006లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చింది. ముందు ఎక్కువ భయపడ్డ పిల్లలకే తర్వాత నొప్పి ఎక్కువ, ఇంటి దగ్గర మందులూ ఎక్కువ పట్టాయి, నిద్రా చెడింది. కాబట్టి ఏం జరగబోతోందో పిల్లవాడికి ముందే నిజం చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

కాడల్ బ్లాక్: నడుము కింద, వెన్ను చివర ఇచ్చే మత్తు. హెర్నియా పిల్లవాడు ఆడుకుంటూ ఇంటికొచ్చాడంటే దాని చలవే. అందులో బ్యుపివకైన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే నాలుగు నుంచి ఆరు గంటలే పనిచేస్తుంది. డాక్టరు రాసిన పారాసెటమాల్ ఆ మత్తు వదలకముందే కడుపులో పడాలి. “బాగానే ఉన్నాడుగా” అని ఊరుకుంటే అర్ధరాత్రి లేచి ఏడుస్తాడు.

ఎస్ఓఎస్: మందుల చీటీలో ఈ మాట ఉంటే, మందు అవసరమైతే వెయ్యమని. ఇంట్లో దీన్ని “తట్టుకోలేకపోతేనే” అని అర్థం చేసుకుంటారు. వేడి చేస్తుందనీ అలవాటవుతుందనీ వెయ్యరు. నొప్పి ఉన్న పిల్లవాడు ఏడవాలనేమీ లేదు. ముడుచుకు పడుకుంటాడు, ఒంటేలుకు రానంటాడు, ముద్ద నోట్లో పెట్టుకుని మింగడు. పిల్లలకు తొలి రెండు మూడు రోజులు ఎస్ఓఎస్ అని కాకుండా గంటలు వేసి రాయాలి.

తగ్గని నొప్పి: మూడు నెలలు దాటినా పోకపోతే దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో (ఐసీడీ-11) వేరే పేరే ఉంది. చిన్న ఆపరేషన్ల తర్వాత అందరికీ రాదు. కానీ కుట్లు మానాక కూడా నిక్కరు తగిలితే మంట అంటున్నాడంటే అది బడి ఎగ్గొట్టే వేషం కాదు, నరానికి సంబంధించిన నొప్పి కావచ్చు. మళ్లీ డాక్టరుకు చూపించండి.

డిశ్చార్జి: కాగితం చేతికిచ్చినప్పుడు రెండు అడగండి. తర్వాతి డోసు ఎన్ని గంటలకు? రాత్రి నొప్పి తగ్గకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? జవాబు కాగితం మీద రాయించుకునే బయల్దేరండి.