గాలి నిలువని చక్రము

ఇటీవల మా బంధువుల ఇంట ఒక బాలునికి మౌంటెన్ బైకు కొనిరి. కొండదారులకును రాళ్లబాటలకును తగునట్లు లావైన టైర్లతో తయారైన సైకిలది. వారము తిరుగకముందే దాని వెనుక చక్రము మూడుసార్లు గాలి పోయినది. మొదటిసారి పంక్చరు వేయించిరి. రెండవసారి ట్యూబునే మార్పించిరి. మూడవసారి తండ్రికి కోపము వచ్చి, "నీకు నడుపుట చేతకాదు" అని పిల్లవానిని మందలించి, సైకిలును దుకాణమునకు తిరిగి ఇచ్చివేయ నిశ్చయించెను. పిల్లవాని కన్నులలో నీరు చూచి మేమొక మాట అడిగితిమి: "ట్యూబును చూచితిరి సరే, టైరు లోపల చూచితిరా?" వ్రేలితో నెమ్మదిగా తడిమి చూడగా, విరిగిన పల్లేరు ముల్లు ఒకటి టైరులోనే నాటుకొని ఉన్నది. వేసిన ప్రతి ట్యూబును అదియే పొడుచుచుండెను.

గాలి చక్రమును కనిపెట్టుట ఒక ఎత్తు. గాలి పోయినపుడు దానిని విప్పి లోపల చూడగలుగుట మరియొక ఎత్తు. చరిత్రలో ఈ రెండవ పని మొదటి దానికంటె చాల ఆలస్యముగ జరిగినది.

స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. లోపల రబ్బరు పట్టించిన గుడ్డతో చేసిన గొట్టము, దానిపై తోలు తొడుగు. 1847లో లండను నగరమందలి రీజెంట్స్ పార్కులో గుఱ్ఱపు బండ్లకు ఇట్టి చక్రములు తొడిగి చూపగా, అవి చప్పుడు లేక సాగిపోయినవి. కాని ఆ రోజులలో మంచి రబ్బరు ప్రియము. తొక్కి నడుపు సైకిలు ఇంకను జనులలోనికి రాలేదు. అవసరమునకు ముందే పుట్టిన వస్తువగుటచే దానిని లోకము మరచిపోయినది.

నలువదేండ్లు గడచిన పిమ్మట బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్ల వీథులలో కుదుపులు లేక నడువవలెనని 1887లో ప్రయోగములు ప్రారంభించెను. థామ్సన్ సంగతి ఆయన ఎరుగడు. 1888లో పేటెంటు లభించినది; థామ్సన్ పేటెంటు ముందే ఉన్నదని తేలుటచే 1890లో అది చెల్లదన్నారు. ఈలోగా 1889 మే నెలలో విలియం హ్యూమ్ అను పందెగాడు డన్‌లప్ టైర్లతో బెల్‌ఫాస్టు పందెములలో గెలిచెను. అటుపిమ్మట గట్టి రబ్బరు చక్రముల కాలము చెల్లినది.

అయినను ఆ టైరులో ఒక చిక్కు కలదు. దానిని రిముకు అంటించి, గుడ్డతో చుట్టి బిగించెడివారు. ముల్లు గ్రుచ్చుకొన్నచో చుట్టినదంతయు ఊడదీసి, అతుకు వేసి, మరల అంటించి ఆరబెట్టవలెను. 1889లో ఫ్రాన్సు దేశమందలి క్లెర్మాన్-ఫెరాన్ పట్టణములో ఉన్న మిషలిన్ సోదరుల కర్మాగారమునకు ఒక బాటసారి అట్టి సైకిలును తీసికొని వచ్చెను. బాగుచేయుటకు మూడు గంటలు పట్టినది. జిగురు ఆరుటకు రాత్రియంతయు కావలసినది. మరునాడు ఎదువార్ మిషలిన్ దానినెక్కి చూడగా, కొంతదూరము పోగానే మరల గాలి పోయినది! మన బాలుని అవస్థయే ఆయనకును కలిగినది. కాని ఆయన సైకిలును నిందింపక, టైరు సుళువుగ ఊడివచ్చు మార్గమును వెదకెను.

1891లో విప్పదగిన టైరు సిద్ధమైనది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో జరిగిన పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెములో షార్ల్ టెరాన్ ఆ టైర్లతో దాదాపు 1,200 కిలోమీటర్ల దూరమును మూడు రోజులలోపున ముగించి ప్రథముడయ్యెను. ఆయన చక్రములకును పంక్చర్లు కాకపోలేదు. దారిలోనే బాగుచేసికొని సాగిపోయిరి. మరుసటి యేడు మిషలిన్ సోదరులు తామే ఒక పందెము నడిపి, దారిలో మేకులు చల్లించిరి! పంక్చరు కాని చక్రము తమ వద్ద కలదని వారు చెప్పలేదు. పంక్చరును చూచి భయపడనక్కరలేదని మాత్రమే చూపిరి.

ఇక మౌంటెన్ బైకు మాట. అమెరికాలో 1933లో ష్విన్ కంపెనీ ప్రవేశపెట్టిన లావుపాటి టైర్ల సైకిళ్లను, 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ జిల్లా యువకులు పాతసామానులో ఏరి తెచ్చి కొండలపైనుండి దింపసాగిరి. 1976 అక్టోబరు 21న అచట "రీప్యాక్" పందెము మొదలైనది. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకముగ ఒక సైకిలు నిర్మించెను. మెత్తగానున్న లావు టైరు రాళ్లను బాగుగ పట్టును గనుక సవారులు గాలి తగ్గించిరి. మరీ తగ్గించినచో రాతికిని రిముకును నడుమ ట్యూబు నలిగి, ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు పడును. దీనిని వారు "పాముకాటు" అందురు. ఈ బాధ తప్పించుటకు 1999లో ట్యూబే లేని టైరు కొండ సైకిళ్లకు వచ్చినది. ఇక మన పల్లేరు అమెరికా పశ్చిమ సీమలకును చేరి, అచట "మేకతల" అను పేరుతో సైకిళ్లవారిని పీడించుచున్నది. దాని కాయ ఎటు పడినను ఒక ముల్లు పైకే నిలిచియుండును.

కావున గాలి పోయినపుడు రంధ్రము ఎచటనున్నదో ముందు చూడవలెను. నేలవైపునున్నచో ముల్లో, గాజుపెంకో కారణము. రిమువైపునున్నచో చువ్వ మొనయో, దానిని కప్పు పట్టీ తొలగుటయో కారణము. జంట రంధ్రములైనచో గాలి చాలలేదని అర్థము. ట్యూబును వాల్వు గుర్తుతో టైరుపై యథాస్థానమున పరచి చూచినచో, టైరులో వెదకవలసిన చోటు తెలియును. అనుభవముగల మన సైకిలు షాపువారు నీళ్ల తొట్టిలో బుడగలు చూచిన తరువాత టైరు లోపల చేయి త్రిప్పి చూచుట ఇందుకే.

ఆ సాయంత్రము ముల్లు తీసి, ట్యూబుకు అతుకు వేసి, తండ్రియే పంపుతో గాలి కొట్టెను. పిల్లవాడు చక్రము పట్టుకొని నిలిచెను. ఆ ముల్లును అగ్గిపెట్టెలో దాచుకొన్నాడట. ఆ సైకిలు ఇప్పుడు ప్రతిదినము బడికి పోవుచున్నది.