పల్నాటి పరిసరాల్లో విదేశీ మిషనరీలు: నిరాశ, నిలకడ, విశ్వాసం (1842–1915)

కోటప్పకొండ త్రికూటేశ్వరస్వామి క్షేత్రం. మహాశివరాత్రికి పల్నాటి ఊళ్లన్నీ ప్రభలు కట్టుకొని అక్కడికి కదులుతాయి. ఆ కొండకు దగ్గరి పట్టణమైన నరసరావుపేటలో 1883లో అమెరికన్ బాప్టిస్టులు మిషన్ కేంద్రం పెట్టారు. అంతకు చాలా ముందే, 1849లో, ఒక లూథరన్ మిషనరీ గురజాలలో పని మొదలుపెట్టాడు. భక్తి అణువణువునా నిండిన సీమ ఇది. ఇక్కడికి మరో మతం బోధించడానికి వచ్చినవాళ్ల మాట వినేవాళ్లు మొదట్లో బహు తక్కువ. జ్వరాలు, ఎండలు, ఆప్తుల మరణాలు వాళ్లను కుంగదీశాయి. పంపిన సంఘాలే ఒకటికి రెండుసార్లు పని మూసేద్దామనుకున్నాయి. అయినా కొందరు నిలబడ్డారు. ఆ నిలకడలో వాళ్ల సొంత విశ్వాసానికి ఎంత భాగముందో, వెంట నడిచిన తెలుగువాళ్లకూ అంత భాగముంది.

గురజాలలో హయ్యర్

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్ల వయసులో అమెరికా చేరాడు. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. 1842 జూలై 31న గుంటూరు చేరేనాటికి ఆయనకు యాభై దాటలేదు గానీ, భార్య అప్పటికే చనిపోయింది. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించి, బడి పనికి చేయూతనిచ్చాడు. ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లినప్పుడు ఆయన విశ్రాంతి తీసుకోలేదు. బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకొని, 1848లో తిరిగివచ్చాడు. యాభై నాలుగేళ్ల వయసులో డాక్టరు కావడమంటే, ఊళ్లో జనానికి ఏం కావాలో మొదటి విడతలోనే ఆయనకు అర్థమైందన్నమాట. ఆ మరుసటేడు గురజాల వెళ్లి, పల్నాటి పల్లెల్లో మందులిస్తూ, బోధిస్తూ తిరిగాడు.

గుంటూరులో ఆయనకు తోడుగా వచ్చిన వాల్టర్ గన్ 1851లో అక్కడే చనిపోయాడు. 1857లో హయ్యర్ అమెరికా వెళ్లి మిన్నెసోటాలో సంఘాలు కట్టే పనిలో పడ్డాడు. అక్కడితో ఆయన కథ ముగిసిందని అందరూ అనుకునే వేళ, లూథరన్ల రాజమండ్రి మిషన్‌ను ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించబోతున్నారన్న సంగతి తెలిసింది. వద్దని అడ్డుపడి, తానే వెళతానన్నాడు. 1869లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, మళ్లీ ఓడెక్కి రాజమండ్రి చేరాడు. పని ఒక దారిన పడ్డాక 1871లో వెనుదిరిగి, 1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

ఒంటరి నక్షత్రం

దక్షిణాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పరిస్థితి ఇంకా దీనంగా ఉండేది. శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో మిషన్‌ను వదిలేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. పటంలో ఒంటరిగా మిగిలిన ఆ కేంద్రం మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఒక కవిత రాసి వినిపించాక సభ మనసు మారింది. నాటి నుంచి దానికి 'లోన్ స్టార్' మిషన్ అన్న పేరు స్థిరపడింది.

ఆ వాదోపవాదాలకు వేల మైళ్ల దూరంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలులో ఐదుగురు కొండెక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్లన్నది గుర్తుంచుకోదగిన సంగతి. 1862లో మూసివేత మాట మళ్లీ లేచినప్పుడు, సంఘం పంపకపోయినా తాను తెలుగువాళ్ల దగ్గరికే వెళ్లి అక్కడే చనిపోతానని జూయెట్ పట్టుబట్టాడు. వాళ్లు కోరిన బోధకుడు, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. కొండ మీద ప్రార్థనకూ ఆయన రాకకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

క్లౌ దొరకు అసలైన ధైర్యం తాళ్లకొండపాడు నుంచి వచ్చింది. అక్కడి ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, యోగమార్గంలో గురువులను వెతికిన సాధకుడు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లి అక్కడ క్రైస్తవ బోధ విని, తనంత తానుగా నమ్మి, క్లౌ వచ్చేసరికి ఊళ్లో కొందరిని సిద్ధం చేసి ఉంచాడు. దొరలు ఎదురుచూసిన మార్పు వాళ్లు పుట్టించింది కాదు. పల్లెల్లో అంటరానితనం కింద నలిగిన మనుషుల అన్వేషణలోంచి అది పుట్టింది.

1876–78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం అక్కరకొచ్చింది. బోధకులే మేస్త్రీలై కూలీల పక్కన కూర్చున్నారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు పనులు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ నిర్ణయానికి ఎంతో నిగ్రహం కావాలి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకొని. ఒంగోలు ఒక్క కేంద్రమే మోయలేనంత పని పెరిగింది. వినుకొండ, నరసరావుపేట కేంద్రాలు అలా విడివడ్డాయి.

నేటాల్‌కు రంగయ్య

1903లో ఈ చరిత్ర మలుపు తిరిగింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలి ఒప్పందం మీద వెళ్లిన తెలుగు బాప్టిస్టులు తమకొక కాపరిని పంపమని స్వదేశానికి కబురు పెట్టారు. తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యను పంపింది. ఖర్చు తెలుగు సంఘాల కానుకల్లోంచి వచ్చింది. ఇప్పుడు సముద్రం దాటి పరాయి నేల మీద ధైర్యం వెతుక్కోవలసినవాడు తెలుగువాడే. అయితే తేయాకు, చెరకు తోటల్లో ఆయన కోసం ఎదురుచూసినవాళ్లు ఆయన భాష మాట్లాడేవాళ్లు. ఆ సౌలభ్యం హయ్యర్‌కు గానీ జూయెట్‌కు గానీ లేదు. 1903 డిసెంబరులో కియర్స్‌నీలో మొదటి సంఘం ఏర్పడింది. అక్కడి నుంచి రంగయ్య తోట తోటకూ తిరిగి సంఘాలు కట్టాడు. 1915లో ఆయన చనిపోయేనాటికి నేటాల్‌లోని తెలుగు బాప్టిస్టు సంఘాలు ఒక అసోసియేషన్‌గా కూడాయి.