బ్రిటన్ సముద్రతీర పియర్లు

పియర్లు తీరం నుంచి సముద్రంలోకి స్తంభాల మీద సాగే కట్టడాలు. చూపుకి వంతెనల్లా ఉంటాయి, కాని అవతలి గట్టు ఉండదు. పడవ దిగేవాళ్ల కోసం పుట్టి, పోను పోను షికారుకే నిలిచాయి. బ్రిటన్ తీర పట్టణాల్లో పెద్ద హోటళ్లు, వాద్య మండపాలు, ఉద్యానాలు ఎన్ని ఉన్నా, ఆ తీరానికి సొంతమని చెప్పదగ్గ కట్టడం పియరే.

సముద్రస్నానం రోగాలు పోగొడుతుందన్న నమ్మకం అక్కడ 18వ శతాబ్దంలో బలపడింది. వైద్యుడు రిచర్డ్ రసెల్ 1750లో సముద్రపు నీటి చికిత్సపై గ్రంథం ప్రచురించాక సంపన్నులు తీర పట్టణమైన బ్రైటన్ దారి పట్టారు. తర్వాత నాలుగో జార్జ్ రాజైన యువరాజు అక్కడి తన విడిదిని పెంచి కట్టించాడు. జాన్ నాష్ 1815 నుంచి దానికి మొగలాయి తరహా గుమ్మటాలు అమర్చాడు. తర్వాతి కాలంలో పియర్ల మీద లేచిన వినోద మందిరాల్లో తరచు కనిపించే తూర్పుదేశాల పోకడలకు ఈ రాయల్ పెవిలియన్ ఒక పెద్ద ప్రేరణ.

ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని రైడ్ దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ. పోటు తీసినప్పుడు ప్రయాణికులు కూలీల వీపులెక్కి దిగి, ఆపైన తడి ఇసుకలో చాలా దూరం నడవాల్సివచ్చేది. ఆ బాధ తీర్చడానికి 1814లో కట్టిన చెక్క పియరే ఇలాంటివాటిలో మొదటిది. బ్రైటన్‌లో నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్ 1823లో గొలుసులతో వేలాడే పియర్ కట్టాడు. చిత్రకారులు టర్నర్, కాన్‌స్టేబుల్ దాన్ని చిత్రించారు. 1896 డిసెంబరు తుపానులో అది కొట్టుకుపోయింది.

అసలు మలుపు ఇనుముతో వచ్చింది. ఉప్పునీటిలో చెక్కను పురుగు తొలిచేస్తుంది. ఇసుకలో మామూలు స్తంభం పట్టు దొరకక కదిలిపోతుంది. చూపు కోల్పోయిన ఐరిష్ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్ దీనికి ఉపాయం కనిపెట్టి 1833లో పేటెంటు పొందాడు. స్తంభం అడుగున మరలాంటి రెక్క అమర్చి, దాన్ని తిప్పుతూ నేలలోకి దించడమే ఆ పద్ధతి. మన దేశంలో బాంబే–బరోడా రైలుమార్గం వంతెనలకూ ఇదే వాడారు. యూజీనియస్ బర్చ్ 1855లో మార్గేట్‌లో ఈ పద్ధతితో ఇనుప పియర్ కట్టి, దానితో కలిపి మొత్తం 14 పియర్లకు రూపకల్పన చేశాడు. సన్నని స్తంభాల మధ్య నుంచి అల దాటిపోతుంది. పియర్ అడ్డగోడలా నిలబడి దెబ్బ తినదు. కెరటాన్ని ఎదిరించకుండా సాగనివ్వడంలోనే ఈ కట్టడాల తెలివీ అందమూ ఉన్నాయి.

రైళ్లు వచ్చాయి, 1871 చట్టంతో బ్యాంకు సెలవులూ వచ్చాయి. జనం తీరానికి పోటెత్తారు. బ్లాక్‌పూల్‌లో మూడు పియర్లు లేచాయి. 1863 నాటి నార్త్ పియర్ మర్యాదస్తుల షికారుకు, 1868 నాటి సెంట్రల్ పియర్ కార్మికుల నాట్యాలకు పేరుపడ్డాయి. థేమ్స్ ముఖద్వారంలోని సౌత్‌ఎండ్ పియర్ పొడవు 2.16 కిలోమీటర్లు. వినోదపు పియర్లలో ప్రపంచంలోనే పొడవైనది అదే.

వీటన్నిటిలో సొగసైనది మాత్రం 1869లో తెరిచిన క్లీవ్‌డన్ పియర్. సౌత్ వేల్స్ రైల్వే పక్కన పెట్టిన బార్లో రకం రైలు పట్టాలతో దాన్ని కట్టారు. బ్రిస్టల్ చానల్‌లో పోటుకీ పాటుకీ నీటిమట్టం పద్నాలుగు మీటర్ల దాకా మారుతుంది. అందుకే కాళ్లు అంత పొడవు, అయినా నాజూకు. బీమా కోసం 1970లో బరువు పెట్టి పరీక్షిస్తుండగా దానిలో రెండు భాగాలు కూలిపోయాయి. కూల్చివేతకు ప్రతిపాదన వచ్చినా ఊరివాళ్లు ఒప్పుకోలేదు. కవి జాన్ బెట్జమన్ వాళ్ల పక్షాన నిలిచాడు. 1980 విచారణ తర్వాత మరమ్మతు మొదలై, 1989లో పియర్ తిరిగి తెరుచుకుంది.

అన్నిటికీ ఆ భాగ్యం దక్కలేదు. రెండో ప్రపంచయుద్ధ వేళ, 1940లో, శత్రుసేనలు దిగకుండా చాలా పియర్లను మధ్యలో తెగ్గొట్టారు. 1978 జనవరి తుపాను మార్గేట్ పియర్‌ను పడగొట్టింది. బర్చ్ 1866లో కట్టిన బ్రైటన్ వెస్ట్ పియర్ 1975లో మూతపడి, 2002 చివర కొంత కూలి, 2003లో రెండుసార్లు కాలిపోయింది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడమే దాన్ని ఎక్కువ దెబ్బతీసింది. ఒకప్పుడు వంద దాకా ఉన్న పియర్లలో ఇప్పుడు మిగిలినవి సుమారు సగం. వీటి రక్షణకు 1979లో నేషనల్ పియర్స్ సొసైటీ ఏర్పడింది.

ఆ తీరానికి వెళ్లే తెలుగువారు పైన నడిచి అంతటితో తిరిగి రాకుండా, పోటు తీసిన వేళ ఇసుకలోకి దిగి కింది ఇనుమును కూడా చూడాలి.