చరిత్రే లేదన్న చోట బడి పెట్టినవాళ్లు

1740లో దక్షిణ కరోలినా వలస పాలకులు ఒక చట్టం చేశారు. బానిసకు రాయడం నేర్పినవారికి నూరు పౌండ్ల జరిమానా. 19వ శతాబ్దం వచ్చేసరికి అమెరికా దక్షిణాదిలో మరికొన్ని రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. అదే కాలంలో ఐరోపా విద్యాపీఠాల్లో ఇంకో మాట బలపడింది. ఆఫ్రికాకు చరిత్రే లేదని జర్మన్ తత్వవేత్త హెగెల్ తన ఉపన్యాసాల్లో ప్రకటించాడు. చట్టం పలక లాక్కుంది, పాండిత్యం గతాన్ని లాక్కుంది. గతం లేదనిపించిన మనిషిని సరుకుగా లెక్కగట్టడం సులువు. అందుకే అమెరికాలో నల్లజాతి పిల్లలకు ఆఫ్రికా వారసత్వం నేర్పడం మొదటినుంచీ విముక్తి పోరాటంలో భాగమైంది. ఆ పోరాటాన్ని భుజాన మోసింది ఎక్కువగా బడిపంతుళ్లు, పంతులమ్మలు, లైబ్రేరియన్లు.

1865లో బానిసత్వం రద్దయింది. బడులు వెలిశాయి గాని పాఠ్యపుస్తకాలు మారలేదు. వాటిలో నల్లవాళ్లు కనిపిస్తే బానిసలుగానే కనిపించేవారు. ఉత్తర కరోలినాలోని రాలీ పట్టణంలో ఎడ్వర్డ్ జాన్సన్ అనే ప్రధానోపాధ్యాయుడికి ఈ లోటు రోజూ తరగతిలో ఎదురయ్యేది. బానిసగా పుట్టిన ఆయన 1890లో తన జాతి చరిత్రను బడిపిల్లల కోసం స్వయంగా రాసి అచ్చువేయించాడు. నల్లజాతి రచయిత విద్యార్థుల కోసం రాసిన తొలితరం చరిత్ర పుస్తకాల్లో అది ముఖ్యమైనది.

తర్వాతి తరం పిల్లల పత్రిక దాకా వెళ్లింది. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్, రచయిత్రి జెస్సీ ఫాసెట్ కలిసి 1920 జనవరిలో ‘ది బ్రౌనీస్ బుక్’ మాసపత్రిక ప్రారంభించారు. నల్లజాతి పిల్లల ముఖాలు, ఆఫ్రికా జానపద కథలు, మహనీయుల జీవితాలు అందులో అచ్చయ్యేవి. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి రచనలు కొన్ని అక్కడే వెలుగు చూశాయి. డబ్బు చాలక 24 సంచికలతో 1921 చివర్లో పత్రిక ఆగిపోయింది. కానీ పిల్లలకు తమ పోలికలున్న బొమ్మలు, తమవాళ్ల కథలు కావాలన్న ఆలోచన ఆగలేదు. ప్యోర్టో రికోలో పుట్టిన ఆర్టురో షోంబర్గ్ జీవితమంతా ఆఫ్రికా సంతతివారి పుస్తకాలు, రాతప్రతులు సేకరించాడు. 1926లో ఆ సేకరణ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరింది. అదే నగరపు హార్లెంలో 1939లో అగస్టా బేకర్ అనే లైబ్రేరియన్, నల్లవారిని కించపరచని పిల్లల పుస్తకాలను ఒక్కొక్కటే ఏరి ప్రత్యేక విభాగం నెలకొల్పింది.

ఈ చరిత్రలో పెద్దపీట మాత్రం కార్టర్ జి. వుడ్సన్‌దే. 1875లో వర్జీనియాలో, బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రులకు పుట్టాడు. బొగ్గు గనుల్లో పనిచేశాడు. చదువురాని తోటి కార్మికులకు పత్రికలు చదివి వినిపించేవాడు. హైస్కూల్లో చేరేసరికి ఇరవై ఏళ్లు. 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ అందుకున్నాడు. మధ్యలో ఫిలిప్పీన్స్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, అమెరికా వస్తువులతో చెప్పిన పాఠం అక్కడి పిల్లల తలకెక్కదని కళ్లారా చూశాడు. పిల్లవాడు ఎరిగిన లోకంలోంచే చదువు మొదలుకావాలన్నది ఆ అనుభవం నేర్పిన సత్యం. 1915లో నల్లజాతి జీవితం, చరిత్రల అధ్యయనానికి ఒక సంఘం స్థాపించాడు, మరుసటి ఏడు పరిశోధన పత్రిక తెచ్చాడు. 1926లో ‘నీగ్రో హిస్టరీ వీక్’కు శ్రీకారం చుట్టాడు. లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్‌ల పుట్టినరోజులను నల్లజాతివారు అప్పటికే జరుపుకుంటున్నారు గనుక ఫిబ్రవరిని ఎంచుకున్నాడు. 1928లో ఆఫ్రికా పురాణగాథలను పిల్లల కోసం ఒక సంపుటిగా వెలువరించాడు.

వుడ్సన్ రాసినదాన్ని తరగతి గదికి చేర్చడానికి తెగువ కావాలి. 1933లో లూయిసియానాలో టెస్సీ మెక్‌గీ అనే యువ ఉపాధ్యాయిని బల్లమీద ప్రభుత్వ పాఠ్యక్రమం తెరిచి ఉంచేది. వుడ్సన్ పుస్తకం ఒడిలో దాచుకుని పిల్లలకు అదే చదివి వినిపించేది. ప్రధానోపాధ్యాయుడు లోపలికి వస్తే చూపు మళ్లీ బల్లమీదికి! చరిత్రకారుడు జార్విస్ గివెన్స్ తన పరిశోధనలో ఈ ఘటనను వెలికితీశాడు. అలాంటి ఉపాధ్యాయులకు ఆసరాగా 1937లో, విద్యావేత్త మేరీ మెక్లియోడ్ బెతూన్ ప్రోత్సాహంతో, వుడ్సన్ సంఘం బడుల కోసమే ఒక పత్రిక మొదలుపెట్టింది. 1942లో షికాగో ఉపాధ్యాయిని మ్యాడ్‌లిన్ మోర్గన్ నల్లజాతి చరిత్రపై తయారుచేసిన పాఠాలను ఆ నగర ప్రభుత్వ పాఠశాలలు స్వీకరించాయి. ఒడిలో దాగిన పుస్తకం తొమ్మిదేళ్లలో మరో ఊరి బడి బల్లమీదికి రాగలిగిందంటే ఆ ఘనత పంతులమ్మలదే.

ఇంతకూ పిల్లలకు దాచిపెట్టిందేమిటి? మాలీ చక్రవర్తి మన్సా మూసా 1324లో చేసిన మక్కా యాత్ర, టింబక్టు ఇళ్లలో తరతరాలుగా కాపాడుకున్న ఖగోళ, న్యాయశాస్త్ర రాతప్రతులు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గ్రేట్ జింబాబ్వే గోడలు. ఆ గోడలు ఆఫ్రికన్ల చేతిపనేనని పురావస్తు పరిశోధకురాలు గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ 1929లో తేల్చిచెప్పినా అవి ఉన్న రొడీషియా శ్వేత పాలకులు ఒప్పుకోలేదు. 1980లో ఆ దేశం స్వతంత్రమై తన పేరును ఆ రాళ్ల నుంచే తీసుకుంది. అమెరికా గడ్డమీదే ఇంకో ఉదాహరణ ఉంది. ఒనేసిమస్ అనే బానిస, మశూచి రాకుండా ఆఫ్రికాలో చర్మం గాటుపెట్టి చేసే చికిత్సను తన యజమాని కాటన్ మేథర్‌కు వివరించాడు. 1721లో బోస్టన్‌లో మశూచి చెలరేగినప్పుడు జాబ్డియల్ బాయిల్‌స్టన్ అనే వైద్యుడు ఆ పద్ధతిని సుమారు 240 మందికి ప్రయోగించాడు. వారిలో చనిపోయినవారి శాతం, మామూలుగా జబ్బు సోకినవారితో పోలిస్తే ఎంతో తక్కువ.

1964 ఈ ఉద్యమానికి మేలిమలుపు. ఆ వేసవిలో మిసిసిపీలో పౌరహక్కుల కార్యకర్తలు చర్చిల్లో, చెట్ల కింద ‘ఫ్రీడమ్ స్కూల్స్’ నడిపారు. రెండు వేలకు పైగా విద్యార్థులు నల్లజాతి చరిత్రను, ఓటుహక్కును కలిపి చదువుకున్నారు. అదే ఏడాది యునెస్కో ఆఫ్రికా సమగ్ర చరిత్రకు పూనుకుంది. ప్రధానంగా ఆఫ్రికన్ పండితుల సంపాదకత్వంలోనే ఎనిమిది సంపుటాలు తయారయ్యాయి. మౌఖిక గాథలను కూడా ఆధారాలుగా గౌరవించడం వాటి విశిష్టత. వుడ్సన్ వారోత్సవం సరిగ్గా యాభై ఏళ్లకు, 1976లో, అధ్యక్షుడు ఫోర్డ్ గుర్తింపుతో మాసోత్సవమైంది. 2005లో ఫిలడెల్ఫియా నగరం హైస్కూల్ పూర్తిచేయడానికి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్రను తప్పనిసరి చేసింది. అయినా గెలిచిన గెలుపు నిలకడైనది కాదు. 1994లోనే ఈ చరిత్ర నేర్పాలని చట్టం చేసిన ఫ్లోరిడా, 2023లో ఇదే విషయంపై రూపొందిన ఉన్నత స్థాయి కోర్సును తిరస్కరించింది.

ఈ ప్రయాణం రెండు పాఠాలు చెబుతోంది. ఒకటి, మహనీయుల జాబితా చదివించినంత మాత్రాన చరిత్ర నేర్పినట్లు కాదు. రైతు ఏం పండించాడు, కమ్మరి ఇనుము ఎలా కరిగించాడు, రాజ్యం పన్ను ఎలా వసూలు చేసింది, బానిస వ్యాపారంలో కొందరు ఆఫ్రికన్ పాలకులు ఎందుకు చేయికలిపారు, ఇవన్నీ చెప్పాలి. నిజాన్ని నిండుగా విన్న పిల్లవాడి గౌరవమే గట్టిగా నిలబడుతుంది. రెండు, ఈ చరిత్ర నల్లజాతి పిల్లలకే పరిమితం కాదు.

మన పిల్లలకూ అందులో వాటా ఉంది. మనం సంగటి చేసుకునే రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లో, రొట్టెలు చేసుకునే జొన్న ఈశాన్య ఆఫ్రికాలో, సజ్జ సహారా దక్షిణపు అంచున తొలుత సాగైన పంటలు. వాటిని అడవి గడ్డి నుంచి పంటగా మలిచింది ఆఫ్రికన్ రైతులే. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడైన మాలిక్ అంబర్ దక్కన్‌లో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొఘలులను ఏళ్లతరబడి నిలువరించాడు. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ ప్రాంతం పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం నుంచి వచ్చింది. సిద్దీలుగా పిలిచే ఆ ఆఫ్రికన్ల వారసులు ఇప్పటికీ మన పొరుగువారే. కాబట్టి మన బడిలో ఆఫ్రికా పాఠం బానిస ఓడలతో మొదలుకాకూడదు. పొలంతో, కొలిమితో, రాతిగోడలతో, రాతప్రతులతో మొదలుకావాలి. బానిసత్వం ఆ తర్వాత రావాలి. ఎలాంటి నాగరికత మీద ఆ దెబ్బ పడిందో ముందు తెలిసిన విద్యార్థికే, పోగొట్టుకున్నదెంతో, దాన్ని తిరిగి నిలబెట్టినవారి సాహసమెంతో అర్థమవుతుంది.