రక్షణ పోగొట్టుకోవచ్చునా? – డోర్ట్ మహాసభ చరిత్ర



బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. భీమునిపట్నంలో సముద్రపు గాలికి నల్లబడిన పాత సమాధులున్నాయి. తమిళులు పళవేర్కాడు అని పిలిచే పులికాటులో ఒకనాటి కోట ఆనవాళ్లు, చెక్కడపు రాళ్ల శ్మశానం కనిపిస్తాయి. ఇవన్నీ వలందావారు, అంటే డచ్చివారు, మన తీరం మీద వదిలి వెళ్లిన గుర్తులు. వాళ్లు అద్దకం బట్టలకోసం వచ్చిన వర్తకులని మనకు తెలుసు. అయితే వారి ఓడలు మన రేవుల్లో లంగరు వేస్తున్న ఆ రోజుల్లోనే, వారి స్వదేశంలో ఒక మతప్రశ్న మీద ఊళ్లు చీలిపోయాయి, పాదిరులు దేశం విడిచిపోయారు, ఆ గొడవలో రాజకీయం కలిసి ఒక వృద్ధ మంత్రి తల తెగింది. ఆ కథను ఈ పూట మీకు మనవి చేస్తాను.

ప్రశ్న వినడానికి చిన్నదే. క్రీస్తును నిజంగా నమ్మి రక్షణ పొందిన మనిషి, ఆ రక్షణను మళ్లీ పోగొట్టుకోగలడా?

ఇది పండితులు తీరిక వేళల్లో వేసుకునే ప్రశ్న అనుకోకండి. కొడుకు విశ్వాసం వదిలేసి తిరుగుతుంటే తల్లి అడిగే ప్రశ్న ఇది. పాత తప్పు ఒకటి గుర్తుకు వచ్చి మరణశయ్య మీద నిద్రపట్టని మనిషి అడిగే ప్రశ్న ఇది. పోదు అని చెబితే, ఇక ఎలా నడుచుకున్నా ఫర్వాలేదని కొందరు అనుకోవచ్చు. పోతుంది అని చెబితే, భయస్తుడికి బ్రతుకంతా భయమే మిగలవచ్చు. బైబిలులో రెండు వైపులా ఆధారాలున్నాయి. యోహాను సువార్త పదవ అధ్యాయం కాపరి చేతిలోంచి గొర్రెలను ఎవరూ లాక్కోలేరని ధైర్యం చెబుతుంది. హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయం, వెలుగు చూసి వెనక్కి పడిపోయినవారి గురించి గట్టిగా హెచ్చరిస్తుంది.

మనకు ఇలాంటి చర్చ కొత్తది కాదు. కంచి, శ్రీరంగం ప్రాంతాల వైష్ణవుల్లో వడగలై, తెంగలై అని రెండు సంప్రదాయాలున్నాయి కదా! కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లి తన కూనను నోట కరుచుకుని తానే మోసుకుపోతుంది. జీవుడి పట్టు ముఖ్యమా, దేవుడి పట్టు ముఖ్యమా అన్నదే మర్కట న్యాయానికీ మార్జాల న్యాయానికీ ఉన్న తేడా. డచ్చి దేశపు చర్చ అచ్చంగా ఇదే కాకపోయినా, ఈ రెండు ఉపమానాలు తెలిసిన మనకు దాని మర్మం త్వరగా అందుతుంది.

ఇక కథలోకి వద్దాం. జాకబస్ ఆర్మీనియస్ 1560 ప్రాంతంలో ఔడ్వాటర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1575లో స్పెయిన్ సైన్యం ఆ ఊరిమీద పడి జనాన్ని ఊచకోత కోసినప్పుడు ఆయన కుటుంబం అందులో నాశనమైంది. దిక్కులేని ఆ కుర్రవాడు పరుల దయతో చదువుకుని, జెనీవాలో కాల్విన్ వారసుడైన బేజా దగ్గర శిష్యరికం చేసి, 1588లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సంఘకాపరి అయ్యాడు. 1602లో ఆ నగరంలో మహమ్మారి చెలరేగితే, ఊరు వదిలిపోకుండా రోగుల ఇళ్లకు వెళ్లి ఓదార్చినవాడని ఆయనకు పేరు. మరుసటి ఏడు లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

లైడెన్‌లో ఆయనకు సహాచార్యుడు ఫ్రాన్సిస్కస్ గోమారస్. రక్షణ పొందేదెవరో దేవుడు ముందే నిర్ణయించాడనీ, ఆ నిర్ణయం మనిషి విశ్వాసం మీద ఆధారపడదనీ గోమారస్ పక్షం. దేవుని కృప లేనిదే మనిషి రక్షణ వైపు అడుగు వేయలేడు, నిజమే. కాని ఆ కృపను మనిషి తిరస్కరించగలడని ఆర్మీనియస్ పక్షం. దేవుని నిర్ణయం మారదంటే, ఎన్నికైనవాడు చివరిదాకా నిలిచి తీరాలి. కృపను కాదనే వీలు మనిషికి ఉందంటే, పొందిన తరువాత కూడా కాదనగలడా అన్న ప్రశ్న తప్పదు. అలా మన ప్రశ్న వాదానికి నడిబొడ్డున నిలిచింది. వాదం తేలకుండానే 1609 అక్టోబరులో ఆర్మీనియస్ చనిపోయాడు.

1610లో ఆయన పక్షంవారు నలభైమందికి పైగా పాదిరులు కలిసి, హాలండు ప్రభుత్వానికి అయిదు అంశాల విన్నపం ఒకటి సమర్పించారు. అందుచేతనే వారికి రెమాన్‌స్ట్రంట్లు, అంటే విన్నపంవారు, అని పేరు వచ్చింది. శ్రోతలు దయచేసి అయిదో అంశాన్ని గమనించాలి. విశ్వాసికి పాపంతో పోరాడి గెలవడానికి కావలసిన బలమంతా క్రీస్తు ఇస్తాడని అందులో రాశారు. ఆ విశ్వాసి తన అశ్రద్ధవల్ల ఆ మార్గం నుంచి తొలగిపోగలడా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, పోగలడనీ అనలేదు, పోలేడనీ అనలేదు. నిండు నమ్మకంతో బోధించాలంటే ముందు లేఖనాల్లో ఇంకా పరిశోధించవలసి ఉంది అన్నారు. అంటే ఆనాటికి వారు అడిగినది, తీర్పు కాదు, గడువు.

ఆ గడువు దొరకలేదు. ఎందుకంటే దేశం అప్పుడున్న స్థితి అలాంటిది. స్పెయిన్‌తో దశాబ్దాలుగా సాగుతున్న యుద్ధానికి 1609లో పన్నెండేళ్ల విరామం కుదిరింది. ఆ సంధి కుదిర్చినవాడు హాలండు రాజకీయాలకు పెద్దదిక్కు యోహాన్ ఫాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్. 1602లో పోటీ కంపెనీలను ఒక్కటి చేసి, మన తీరానికి ఓడలు పంపిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడేలా చూసినవాడూ ఆయనే. యుద్ధమే కొనసాగాలన్న సేనాని మారిస్ రాకుమారుడికి ఆ సంధి నచ్చలేదు. మంత్రి విన్నపంవారిని కాపాడాడు. 1617లో రాకుమారుడు బాహాటంగా ఎదుటి పక్షం గుడికి ఆరాధనకు వెళ్లాడు. అదే ఏడు ఆగస్టులో, అల్లర్లు అణచడానికి పట్టణాలు సొంతంగా సిపాయిలను పెట్టుకోవచ్చునని హాలండు సభ తీర్మానించింది. రాకుమారుడికి అది తన అధికారం మీద దెబ్బగా తోచింది. 1618 ఆగస్టు 29న మంత్రినీ, ఆయన పక్షాన నిలిచిన న్యాయశాస్త్రవేత్త హ్యూగో గ్రోషియస్‌నూ నిర్బంధించారు.

అదే సంవత్సరం నవంబరు 13న డోర్డ్రెఖ్ట్ పట్టణంలో మతమహాసభ కూడింది. ఇంగ్లీషువారు ఆ ఊరిని డోర్ట్ అన్నారు. ఇంగ్లండు, స్విట్జర్లండు, జర్మను సంస్థానాల నుంచి ప్రతినిధులు వచ్చారు. ఫ్రాన్సు రాజు తన ప్రజలను వెళ్లనివ్వలేదు. వారి ఆసనాలు ఖాళీగానే ఉంచారు. విన్నపంవారు సమాన హోదాతో చర్చకు కూర్చుంటామన్నారు. సభ వారిని సమాధానం చెప్పుకోవలసిన ముద్దాయిలుగా పిలిపించింది. వారి నాయకుడు సైమన్ ఎపిస్కోపియస్. విచారణ పద్ధతి మీదే వారాల తరబడి పెనుగులాట జరిగింది. చివరికి 1619 జనవరి 14న అధ్యక్షుడు బోగర్‌మన్ కోపంతో వారిని సభ నుంచి వెళ్లగొట్టాడు. ఈలోగా విన్నపంవారు కూడా మొదటి సందేహాన్ని దాటిపోయారు. నిజమైన విశ్వాసి సైతం పూర్తిగా పడిపోగలడని సభకు రాసి ఇచ్చారు. తెలుసుకోవాలి అన్న మాట రెండు వైపులా మాయమైంది.

సభ ఇచ్చిన తీర్పును మాత్రం మనం న్యాయంగా చదవాలి. అది కరకు మాటల పత్రం కాదు. అయిదో అధ్యాయంలో, విశ్వాసులు ఘోరమైన పాపాల్లో పడగలరని స్పష్టంగా ఒప్పుకుని, దావీదునూ పేతురునూ ఉదాహరణగా చూపింది. పడినవాడు కొంతకాలం దేవుని దయ ఎరుకనే కోల్పోవచ్చు. కాని దేవుడు అతనిని శాశ్వతంగా విడిచిపెట్టడు, మళ్లీ పశ్చాత్తాపానికి తెస్తాడు అంది. నిలిచేది మనిషి బలంవల్ల కాదు గనుక, ఈ నమ్మకం గర్వాన్ని కాక వినయాన్ని పుట్టించాలి అని కూడా చెప్పింది. భయపడే మనసుకు ఓదార్పు ఇవ్వాలన్న తపన అందులో ఉంది. ఎదుటి పక్షంలోనూ ఉన్నది అదే తపన: మనిషి అశ్రద్ధగా ఉండకుండా మేలుకొలపాలని.

కాని ఆ ఓదార్పు పత్రం మీద సంతకం చేయనివారికి ఏమి జరిగింది? సుమారు రెండు వందలమంది పాదిరుల పదవులు పోయాయి. వారిలో నోరు మూసుకుని ఉంటామని మాట ఇవ్వని ఎనభైమంది వరకు దేశం దాటవలసి వచ్చింది. విదేశీ ప్రతినిధులు సెలవు తీసుకున్నది 1619 మే 9న. నాలుగు రోజులకు, మే 13న, హేగ్ నగరంలో డెబ్బైఒక్క ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను శిరచ్ఛేదం చేశారు. నేరం రాజకీయమైనదే, మతసభ విధించిన శిక్ష కాదు. అయినా రెండు వ్యవహారాలూ ఒకే తాడుకు రెండు పేటలని ఆ దేశంలో అందరికీ తెలుసు.

గ్రోషియస్‌కు యావజ్జీవ ఖైదు పడింది. లూవెస్టైన్ కోటలో ఉంచారు. భార్య మరియా ఆయనకు పెట్టెలతో పుస్తకాలు తెప్పిస్తూ, తిప్పి పంపుతూ ఉండేది. కావలివారు రానురాను పెట్టె తెరిచి చూడటం మానేశారు. 1621 మార్చి 22న ఆ పుస్తకాల పెట్టెలో గ్రోషియస్ స్వయంగా దూరి, దాసి తోడుగా పడవ మీద కోట దాటిపోయాడు. ఆ చెరలో కూర్చుని ఆయన క్రైస్తవమతం మీద ఒక పద్యగ్రంథం రాశాడు. అది ఎవరికోసమనుకున్నారు? దూరదేశాలకు ఓడల మీద వెళ్లి, ఇతర మతాలవారిని కలుసుకునే నావికులకోసం. పులికాటు, బందరు రేవుల్లో దిగిన నావికులు కూడా అలాంటివారే.

1625లో మారిస్ రాకుమారుడు చనిపోయాక పట్టు సడలింది. వెళ్లగొట్టబడినవారు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఎపిస్కోపియస్ 1634లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వారి పాఠశాలకు ఆచార్యుడయ్యాడు. ఆ సంఘం నెదర్లాండ్స్‌లో నేటికీ ఉంది. ఇంగ్లండులో జాన్ వెస్లీ ఆర్మీనియస్ పక్షం వహించి, 1778లో ఆయన పేరుతోనే ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఇదే విషయంలో వెస్లీతో విభేదించిన మిత్రుడు వైట్‌ఫీల్డ్ 1770లో మరణిస్తే, లండనులో సంతాప ప్రసంగం చేసినవాడు వెస్లీయే.

ఇక మన సరిహద్దు సీమకు వద్దాం. అమెరికాలో స్థిరపడిన డచ్చివారి సంఘం డోర్ట్ తీర్పును తన విశ్వాసప్రమాణాల్లో ఒకటిగా ఉంచుకుంది. ఆ సంఘమే 1853లో ఆర్కాటు మిషన్‌ను నెలకొల్పింది. వేలూరు పెద్దాసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ ఆ మిషన్ కుటుంబంలో పుట్టినది. మదనపల్లెలో తెలుగు నేర్చి పనిచేసిన జేకబ్ ఛేంబర్లేన్ ఆ మిషన్ వాడే. మరోవైపు నిజాం సీమలో మెదకు పెద్ద చర్చిని కట్టించినవారు వెస్లీ అనుచరులు. అంటే, 1618లో ఒకే గదిలో కూర్చోలేకపోయిన రెండు జవాబులూ వేర్వేరు దారుల్లో తెలుగువారి ముంగిట్లోకి వచ్చాయన్నమాట.

వచ్చి ఏమయ్యాయి? 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, ఆర్కాటు మిషన్ సంఘాల వారసులూ మెదకు వెస్లీ సంఘాలవారూ ఒకే సంఘంలో చేరారు. దానికి పునాది లేఖనాలు, ప్రాచీన విశ్వాసప్రమాణాలు. డోర్ట్ పత్రం మీద సంతకం చేయాలన్న షరతు లేదు. రక్షణ పోతుందా, పోదా అన్న ప్రశ్నకు జవాబు తేల్చుకుని వారు కలవలేదు. తేలకపోయినా ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చునని తేల్చుకుని కలిశారు.

ఆ ప్రశ్న నేటికీ సజీవంగానే ఉంది. తల్లులు అడుగుతూనే ఉన్నారు, కాపరులు తమ తమ సంప్రదాయాల ప్రకారం చెబుతూనే ఉన్నారు. ఏది నిజమని నిర్ణయించడం చరిత్రకారుడి పని కాదు. చరిత్ర చూపించేది మరొకటి. 1610 నాటి విన్నపంలో ఇంకా పరిశోధించాలి అన్న ఒక వాక్యం ఉంది. దానికి చోటివ్వడానికి ఒక దేశానికి కొన్నేళ్ల ఓపిక లేకపోయింది. ఆ చోటు మళ్లీ దొరకడానికి మూడు వందల ఏళ్లు దాటాయి. దొరికిన తావుల్లో మన దక్షిణదేశం ఒకటి. ఈసారి పులికాటు వైపు వెళ్లినప్పుడు ఆ చెక్కడపు రాళ్ల దగ్గర ఒక నిమిషం ఆగండి. ఈ వాదాన్ని పుట్టించిన దేశం మనుషులే అక్కడ నిద్రిస్తున్నారు.